వాడకట్టు ఒట్టు

దేశమంతా తలుపులు బిగించుకున్న రోజున సిద్దిపేట నేతవాడలో కొండవ్వ భక్ష్యాలు చేసింది. ఉగాది కదా, చేసి ఉంటుందిలే అనుకుంటారేమో. ఉగాదులు ఆమె గడప ముందు నుంచి చాలానే వెళ్లిపోయాయి. పప్పు నానబెట్టాలని కూడా అనిపించని ఏళ్లున్నాయి. ఈసారి ఆమె చేసుకున్నది వేరే పండగ. కల్లు కాంపౌండు మూతపడింది.

టీవీలో ఏవేవో చెప్పారు. రైళ్లు ఆగాయన్నారు, విమానాలు ఆగాయన్నారు, ప్రపంచంలో జనం పిట్టల్లా రాలిపోతున్నారన్నారు. కొండవ్వ చెవికి అవేవీ ఎక్కలేదు. ఆమెకు కావలసిన ముక్క ఒకటే, అది విన్నది. వాడ చివర మైసయ్య గౌడ్ కాంపౌండుకు పోలీసులే వచ్చి తాళం వేశారు. అంతే, ఆమె లేచి శనగపప్పు కడిగింది.

ఆమె సంతోషాన్ని తప్పు పట్టడానికి ముందు ఆమె మొగుణ్ణి చూడాలి. రాజనర్సు ఒకప్పుడు వాడలో పేరున్న నేతగాడు. చీర అంచు మీద గొల్లభామను దించితే ఆ చిన్న బొమ్మ తల మీది కుండ తొణుకుతుందేమో అనిపించేది. ఆ చేతులు కల్లుకు అలవాటు పడ్డాయి. చెట్టు మీంచి దించిన కల్లయితే కొండవ్వ కూడా ఏమీ అనేది కాదు, పండగకో పబ్బానికో ఆమె కూడా ఓ గుక్క తాగిన మనిషే. మైసయ్య సీసాల్లో పోసి అమ్మేదానికి చెట్టుతో చుట్టరికం బహు తక్కువ. నీళ్లు, చక్కెర, ఒక తెల్లటి పౌడరు. ఆ పౌడరేమిటో అడిగితే మైసయ్య చెట్టు మీద ఒట్టేసి, నీళ్లు తప్ప ఏమీ కలపనని చెప్పేవాడు. అది తాగినవాడు తాగుతూనే ఉండేవాడు. పొద్దున లేస్తే రాజనర్సుకు మొహం కడగడం కన్నా ముందు సీసా కావాలి.

కొండవ్వ చెయ్యని ప్రయత్నం లేదు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కింది. మెడలో తాయెత్తు కట్టించింది. ఒకసారి చీపురు పట్టుకుని కాంపౌండులోకే వెళ్లి అందరి ముందు మొగుణ్ణి లాక్కొచ్చింది. సాయంత్రానికి ఆయన మళ్లీ అక్కడే ఉన్నాడు. దేవుడికీ చీపురుకూ లొంగనిది ఒక రోగం భయానికి లొంగింది. అందుకే ఆమెకు ఆ రోగం మీద రవ్వంత కూడా కోపం రాలేదు.

ఆ సాయంత్రమే మహిళా సంఘం లీడరు స్వరాజ్యలక్ష్మి ఆడవాళ్లందరినీ కాంపౌండు గేటు దగ్గరికి పిలిచింది. పోలీసుల తాళం పక్కన వాడకట్టు తాళం ఇంకొకటి వేద్దామంది. వేశారు. ఆ తాళం మీద ఒకరి చెయ్యి మీద ఇంకొకరు చెయ్యి పెట్టి, మా ఇంట్లోకి ఒక్క చుక్క రానివ్వమని ఒట్టేశారు. అందరికన్నా కింద తాళాన్ని అంటుకుని ఉన్నది కొండవ్వ చెయ్యి. ఆమె పెద్దది, ఆమె బాధ పెద్దది. స్వరాజ్యలక్ష్మి ఫోను ఎత్తి పట్టుకుంది.

"అత్తా, నువ్వొక మాట చెప్పు. గ్రూపుల పెడ్త."

కొండవ్వ కొంగు సర్దుకుంది. జన్మలో తొలిసారి ఎవరో తన మాట వినడానికి నిలబడ్డారు.

"అందరు లాక్‌డౌన్ వద్దంటున్రు. నాకైతె ఏడాదంత ఉండాలె. రోగం పోకున్నా మంచిదే. నా మొగడు మనిషైతుండు. గంతకన్న నాకేం గావాలె?" అంది.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఊరు దాటింది. కూరగాయలకు వెళితే ముక్కూ మొహం తెలియనివాళ్లు మాస్కు కిందికి లాగి, "నువ్వే గదా పెద్దమ్మా" అని పలకరించారు. కొండవ్వ నడకే మారిపోయింది.

భివండీలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసే కొడుకు దినేశ్ కూడా చూశాడు. చూసి ఫోన్ చేశాడు.

"అవ్వా, నీ వీడియో మా రూముల అందరు చూసిన్రు. సాంచాలన్ని బందైనయి. సేటు ఫోనెత్తుతలేడు. గింత రూముల ఇరుక్కొని పంటున్నం, ఒక్కపూట తింటున్నం. నడిసి వద్దామంటె తొవ్వల పోలీసోళ్లు కొడుతున్రట. నువ్వేమొ ఏడాదంత ఉండాలె అంటివి."

కొండవ్వ ఈ మాట వస్తుందని అనుకుంటూనే ఉంది. జవాబు సిద్ధంగా ఉంది.

"ఒక్కపూట తినుడు మన ఇంట్ల కొత్తనారా? పస్తుంటె మనిషి బక్కగైతడు, సావడు. మీ బాపు తాగితె సస్తడు. నీకు రెండోపూట బువ్వ కావాల్నా, బాపు కావాల్నా?"

దినేశ్ "బాపు ఎట్లున్నడు?" అని మాత్రం అడిగాడు.

"మంచిగైతుండు."

కడుపున పుట్టినవాడి ఆకలిని తక్కెడలో ఒకవైపు, మొగుడి తాగుడును ఇంకోవైపు వేసి తూచేసింది ఆ తల్లి. కన్నీళ్లు రాలేదు. లెక్క తనవైపే మొగ్గిందని నిబ్బరంగా ఉంది.

రాజనర్సు మంచిగా ఏమీ కావడం లేదు. మొదట చేతులు వణికాయి. చాయ్ గ్లాసు పెదాల దాకా చేరేసరికి సగం చొక్కా మీద ఒలికింది. తర్వాత నిద్ర కరువైంది. పొర్లి పొర్లి మంచం తాళ్లు వదులైపోయాయి. ఒళ్లంతా చెమట, గొంతు ఆరిపోతోందని ఒకటే గోల.

"కొండీ, నీకు దండం పెడ్తనే. ఒక్క గుక్క. గొంతు తడువుటానికి. ఒక్క గుక్కనే."

"గా ఒక్క గుక్కే గదా నిన్ను గీడికి తెచ్చింది. ఓర్సుకో. మందు దిగుతున్నది. దిగినాక నీ ఒళ్లు నీది."

ఇది ఆమె గట్టిగా నమ్మిన మాట. ఒంట్లోకి ఏళ్ల తరబడి ఎక్కిన విషం వణుకై, చెమటై బయటికి పోతోందని ఆమె లెక్క. పసిపిల్లకు టీకా వేస్తే జ్వరం రాదా? అలాగే ఇదీ. ఎంత ఎక్కువ వణికితే అంత తొందరగా కడుక్కుపోతుందనుకుంది. అందుకే ఆయన పళ్లు టకటకలాడుతుంటే పక్కన కూర్చుని తువ్వాలుతో చెమట తుడుస్తూ లోలోపల సంబరపడింది. మధ్యలో చుక్క తగిలిందా, ఇన్ని రోజుల బాధా నీళ్లపాలు.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. ఎదురింట్లో స్వరాజ్యలక్ష్మి మొగుడు రమాకాంత్ రాజనర్సుకు సీసా దోస్తు, ఇద్దరూ కలిసి వెళ్లి కలిసి వచ్చేవారు. ఆ రమాకాంత్ అరుగు మీద కూర్చుని నిమ్మళంగా ఫోను చూసుకుంటున్నాడు. పక్కింటి మల్లమ్మ మొగుడు పెరట్లో బీరపాదుకు పందిరి వేస్తున్నాడు. వణుకు లేదు, గోల లేదు.

"లక్ష్మీ, మీ ఆయనకు ఏం తాపుతున్నవే?" అని అడిగింది కొండవ్వ.

స్వరాజ్యలక్ష్మి వాకిలి ఊడుస్తూ తలెత్తలేదు. "మజ్జిగ అత్తా. నిమ్మకాయ పిండి, మజ్జిగ పోస్తున్న. నువ్వు గూడ పొయ్యి."

కొండవ్వ చెంబుల కొద్దీ మజ్జిగ పోసింది. రాజనర్సు తాగినంతా కక్కుకున్నాడు. మా ఆయనకు లోపల ఎక్కువ ఉంది కాబోలు, దిగడానికి టైం పడుతుందని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది.

తర్వాత ఆయనకు ఎలుకలు కనపడటం మొదలైంది. గోడ మీద ఎలుకలు, దుప్పటి మీద ఎలుకలు. వాటిని దులుపుకుని, మళ్లీ ఖాళీ గాలిలోంచి దారాలు ఏరేవాడు. తెగిన పోగును పట్టి ముడి వేసినట్టు వేళ్లు కదిలించేవాడు. మంచం మీద కూర్చునే కాళ్లు తొక్కేవాడు. ఎదురుగా మగ్గం లేదు, ఆయన మాత్రం నేస్తున్నాడు. అప్పుడు కొండవ్వకు కొంచెం భయమేసింది. ఆర్‌ఎంపీ డాక్టరు కర్ణాకర్‌కు ఫోన్ చేసింది.

"ఒళ్లు వేడిగున్నదా?" అన్నాడు కర్ణాకర్.

"కొద్దిగున్నది."

"అయితె నేను రాను పెద్దమ్మా. వేడి ఉన్నోళ్ల ఇంటికి పోతె నన్ను గూడ పట్టుకపోయి పండవెడ్తరు. నూటెనిమిదికి చెయ్యి."

అంబులెన్సు అన్న మాట గోడ దాటిందో లేదో వాడకట్టు మొత్తం మూతులకు కొంగులు కట్టుకుని ఆమె వాకిట్లో నిలబడింది. ముందు స్వరాజ్యలక్ష్మే మాట్లాడింది.

"అత్తా, అంబులెన్సు వస్తె తెల్లబట్టలేసుకొని వస్తరు. వాడకు రెండు దిక్కుల కట్టెలు కడ్తరు. పాలోడు రాడు, రేషనుకు పోనియ్యరు. పిల్లలున్న ఇండ్లు. మామకు ఉన్నది కరోనా గాదని మనకు తెలుసు. వాళ్లకేం తెలుసు?"

"గంత దూరం ఎందుకే" అంది మల్లమ్మ. "ఇంకో రెండు దినాలల్ల తగ్గిపోతది."

ఒక ముసలి తాగుబోతు ప్రాణం ఒకవైపు, వాడ మొత్తం పాలూ బియ్యమూ ఒకవైపు. వాళ్లు కూడా తూచారు. ఆ తూకానికి కొండవ్వ ఎదురు చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు. దవాఖానకు పోతే లాక్‌డౌన్ నా మొగుణ్ణి మనిషిని చేసిందన్న మాట ఏమైపోతుంది? ఫోను కొంగున ముడివేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం వెనక గోడ దగ్గర ఎవరో పిలిచారు. చూస్తే మైసయ్య గౌడ్. చేతిలో స్టీలు క్యాను.

"వదినె, లొల్లి చెయ్యకు. ఒక్క మాట ఇను" అన్నాడు గొంతు తగ్గించి. "అన్నకు ఒక్కసారే బంద్ చెయ్యొద్దు. సగం గిలాస తాపు. రేపు జర తక్కువ. ఎల్లుండి ఇంక తక్కువ. గట్ల దించాలె. లేకుంటె ఫిట్స్ వచ్చి పానం పోతది."

"నీకెట్ల తెలుసు?"

మైసయ్య నేల చూశాడు. "దాంట్ల ఏం కలిపిన్నో నాకు తెల్వదా?"

ఇన్నేళ్లు అడిగి అడిగి గొంతు పోగొట్టుకున్న ప్రశ్నకు జవాబు ఇలా గోడ మీంచి వచ్చింది. కొండవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెట్టు మీద ఒట్టేసి చెప్పినవ్ గదరా, నీళ్లు దప్ప ఏం కలుపనని."

"తప్పే వదినె. నా తప్పే. తర్వాత నన్ను చెప్పుతోని కొట్టు. ముందుగాల గీ క్యాను పట్టుకో. నాకేం ఇయ్యొద్దు. అన్న కోసం తెచ్చిన."

పట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆమె ఆ క్యాను పట్టుకుంది. చేతికి చల్లగా తగిలింది. లోపలి గదిలోంచి రాజనర్సు మూలుగు వినపడుతోంది. సగం గ్లాసు పోస్తే ఆ మూలుగు ఆగుతుందని ఆమెకూ తెలుసు. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. వీడు అమ్ముకునేవాడు. గిరాకీ పోయి చేతులు పిసుక్కుంటున్నవాడు. ఈ రోజు సగం గ్లాసు ఊరికే పోస్తాడు, రేపు కాంపౌండు తెరిచేసరికి నా మొగుడు మొదటి సీసా దగ్గర ఉంటాడు. పైగా పోసింది ఎవరు? తాళం మీద మొదటి చెయ్యి పెట్టిన కొండవ్వ. ఊరంతా చూసిన కొండవ్వ. ఆ మాట బయటికి పొక్కితే ఈ వాడలో ఎవరి ఎదుట తలెత్తుకోవాలి? ఒడ్డు కనిపిస్తున్నప్పుడు మునగమంటాడేమిటి వీడు?

"వచ్చి చూడున్రే! దొంగ కల్లు తెచ్చిండు గౌడ్!" అని ఆమె వేసిన కేకకు వాడంతా వెనక సందులోకి వచ్చింది.

మైసయ్య పారిపోలేదు. గోడకు ఆనుకుని, చుట్టూ చేరిన ఆడవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. స్వరాజ్యలక్ష్మిని చూశాడు, మల్లమ్మను చూశాడు, చివరి ఇంటి ఐలవ్వను చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఏ ఒక్కరూ అతని కళ్లలోకి చూడలేదు. వాడి సిగ్గుమాలినతనానికి వీళ్లు తలదించుకుంటున్నారనుకుంది కొండవ్వ.

"నీ చేతుల్తోనే పారపొయ్యి" అంది.

మైసయ్య మురికినీళ్ల మోరీ దగ్గర వంగి క్యాను వంచాడు. తెల్లగా, నురగతో, బుడబుడమని పోయింది. ఎవరు చెప్పారో, చౌరస్తాలో ఉన్న కానిస్టేబుళ్లు ఇద్దరు పరుగెత్తుకొచ్చి, ఇల్లు దాటి వచ్చినందుకు అతని పిక్కల మీద లాఠీతో నాలుగు తగిలించారు. స్వరాజ్యలక్ష్మి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. చప్పట్లు దేనికైనా కొట్టడం అలవాటైన రోజులవి.

ఆ చప్పట్లు ఆగకముందే రాజనర్సు బయటికొచ్చాడు. నడుస్తూ కాదు, నాలుగు కాళ్ల మీద. వాసన పట్టుకుని వచ్చాడు. జనం జరిగి దారిచ్చారు. ఆయన మోరీ పక్కన బోర్లా పడుకుని మూతి అందులో పెట్టాడు.

కొండవ్వ కాళ్లు పట్టి లాగింది. ఆయన మోరీ గచ్చును గోళ్లతో పట్టుకున్నాడు. జుట్టు పట్టి ఎత్తితే బురద కారుతున్న మొహంతో ఆమెను చూశాడు. గుర్తుపట్టలేదు.

"అవ్వా, ఇంత పొయ్యే" అన్నాడు. ఎప్పుడో చచ్చిపోయిన తల్లిని పిలిచాడు.

నవ్వినవాళ్లు ఎవరూ లేరు. అయినా కొండవ్వకు నవ్వులే వినపడ్డాయి. జాలి కలగాల్సిన చోట ఆమెకు రోషం వచ్చింది. ఆయన మొహం కడిగి, మగ్గం ఉన్న గదిలోకి తోసి, బయట గొళ్లెం పెట్టింది. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఆయన మనసు కుదుటపడుతుందని ఆశ. బతికినన్నాళ్లు అందులోనే బతికిన మనిషి కదా.

కొంతసేపు తలుపు మీద బాదాడు. తర్వాత సద్దుమణిగింది. కొండవ్వ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. అప్పుడు వినపడింది.

దబ్. దబ్. దబ్.

చేట చేతిలోంచి జారింది. అది మగ్గం చప్పుడు. తొక్కుడు చెక్కలు కింద గుంటకు తగిలే చప్పుడు. పెళ్లయి ఈ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి ఆమె దాన్ని వింటూనే ఉంది. ఆ చప్పుడులోనే వండింది, ఆ చప్పుడులోనే దినేశ్‌ను కన్నది. నెలల తరబడి ఆగిపోయిన ఆ చప్పుడు ఇప్పుడు మళ్లీ వస్తోంది. కొంచెం ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది.

"లక్ష్మీ! ఓ లక్ష్మీ! మీ మామ మగ్గమెక్కిండే!"

స్వరాజ్యలక్ష్మి వచ్చింది, మల్లమ్మ వచ్చింది. తలుపు బయట నిలబడి విన్నారు. స్వరాజ్యలక్ష్మి మొహంలో రంగు మారింది, అది ఆనందమో మరేమిటో. అలవాటుగా ఫోను ఎత్తి వీడియో తీసింది. వీడియోలో మూసిన తలుపు, దాని ముందు కళ్లు తుడుచుకుంటున్న కొండవ్వ, లోపలి నుంచి దబ్ దబ్. గ్రూపులో పెట్టేసింది.

చప్పుడులో ఏదో ఒకటి తక్కువైంది. కొండవ్వ చెవి ఆ సంగతి పసిగట్టింది. కండెలు చుట్టి చుట్టి ముసలిదైన మనిషి, ఆమెకు తెలియకపోవడమేమిటి? మనసు మాత్రం ఒప్పుకోలేదు. ఇన్నాళ్లకు దక్కిన సంతోషాన్ని లోపలికి పోయి చెడగొట్టుకోవడానికి ఎవరికి చేతులొస్తాయి? లేచి వంటింట్లోకి వెళ్లి, ఆయనకిష్టమైన పచ్చిపులుసు చేసింది. అన్నం వార్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

"అలిసిండు. నిద్రవట్టింది" అని వాకిట్లోకి వచ్చి అందరికీ చెప్పింది. మూతి మీద వేలు పెట్టుకుని, సందులో ఆడుకుంటున్న పిల్లల్ని కసిరింది. "గట్టిగ ఒర్రకున్రి. ఎన్నొద్దులైందో ఆయన కన్నుమూసి."

వాడ నిజంగానే నిశ్శబ్దమైపోయింది. రాజనర్సు నిద్రకు అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

ఎండ గోడ దిగేవేళ దినేశ్ ఫోన్ చేశాడు.

"అవ్వా, వీడియో చూసిన. బాపు ఏం నేస్తుండే?"

"చీరనే. సగంల ఉండె గదా."

"నాడె ఏదే?"

"ఏంది?"

"నాడె సప్పుడు. అటు ఇటు పోతె టక్ టక్ అంటది గదా. వీడియోల అది లేదు. తొక్కుడొక్కటే వినొస్తున్నది. నాడె కొట్టకుంట బాపు ఏం నేస్తుండు అవ్వా? ఒక్కసారి తలుపు తియ్యి. నీ కాళ్లు మొక్కుత, తలుపు తియ్యి."

మధ్యాహ్నం ఆ చప్పుడులో తక్కువైందేమిటో కొండవ్వకు అప్పుడే తెలుసు. ఇప్పుడు దాని పేరు కొడుకు నోటి నుంచి విన్నది. అంతే తేడా. లేచి గొళ్లెం తీసింది.

రాజనర్సు మగ్గం గుంటలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. పళ్లు నాలుక మీద బిగుసుకుని ఉన్నాయి. నోటి నుంచి కారింది కారి తెల్లటి పడుగు మీద ఎండింది. చేతులు నాడెను ముట్టనే లేదు. కాళ్లు మాత్రం తొక్కుడు చెక్కల మీద ఉన్నాయి, మడమలు చిట్లిపోయి. ఫిట్సు వచ్చిన మనిషి కాళ్లు తన్నుకుంటుంటే ఆమె గుమ్మం బయట కూర్చుని మురిసిపోయింది. పిలిచి పదిమందికి వినిపించింది. ఆగి ఆగి ఎన్నిసార్లు తన్నుకున్నాడో ఆ వీడియో చూసినవాళ్లకు తెలుసు.

కింద పడిన ఫోనులో దినేశ్, "అవ్వా, అవ్వా" అంటూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే పాడె కట్టారు. ఎక్కువమంది రాకూడదని మున్సిపాలిటీ వాళ్లు చెప్పి వెళ్లారు. కర్ణాకర్ మాత్రం వచ్చాడు, చనిపోయినవాడి దగ్గరికి రావడానికి అతనికి భయం లేదు. దూరం నుంచే చూసి గుండెపోటన్నాడు. కరోనా కాదన్న మాట వినగానే వాడకట్టు ఊపిరి పీల్చుకుంది. కొడుకు భివండీలో ఇరుక్కుపోయాడు కాబట్టి దాయాదుల పిల్లవాడెవడో నిప్పు పట్టుకున్నాడు.

రాజనర్సుకు పెదనాన్న కొడుకు దుబ్బయ్య, కులపెద్ద, పాడె దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"లేపెముందు నోట్లె ఇంత కల్లు చుక్క వెయ్యాలె. తాగెటోన్ని ఎండిన నోటితోని పంపితె వాడకు మంచిది గాదు. మన తాతలనాటి సంది ఉన్నది" అన్నాడు. తర్వాత తనే తల అడ్డంగా ఊపాడు. "అయినా ఇప్పుడు యాడ దొరుకుతది? కాంపౌండుకు రెండు తాళాలాయె. నీళ్లే పోద్దాం."

కొండవ్వ శవం తల దగ్గర కూర్చుని ఉంది. ఆమెకు ఏడుపు రావడం లేదు.

కొంచెంసేపటికి స్వరాజ్యలక్ష్మి లేచి తన ఇంట్లోకి వెళ్లింది. కొంగు కింద సీసా పట్టుకుని తిరిగొచ్చి పాడె పక్కన పెట్టింది. నిండు సీసా, నురగ ఇంకా తేలుతోంది. ఆమెను చూసి ఐలవ్వ వెళ్లింది, ఒక సీసాతో వచ్చింది. మల్లమ్మ వెళ్లింది, ఒక సీసాతో వచ్చింది. తాళం మీద చేతులు వేసిన ఇళ్లన్నీ ఒక్కొక్కటే కదిలాయి. రాజనర్సు తల పక్కన సీసాలు వరసగా నిలబడ్డాయి.

దుబ్బయ్య ఆ సీసాల వైపు చూసి, కొండవ్వ వైపు చూడలేక, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొండవ్వ స్వరాజ్యలక్ష్మిని చూసింది. ఆమె వెనక, అరుగు మీద రమాకాంత్. నిటారుగా, వణుకు లేకుండా. గోడ పక్కన పిక్కలకు కట్టుతో మైసయ్య.

"ఎప్పటి సందే?" అని అడిగింది కొండవ్వ.

"ఒట్టేసిన తెల్లారి సంది అత్తా." అంది స్వరాజ్యలక్ష్మి. "మా ఆయనకు చేతులు వణుకుడు సురువైంది. భయమేసింది. గౌడు వెనకకెల్లి తెచ్చిచ్చేటోడు. రోజింత, రోజింత తాపిన. అందరం గట్లనే."

"మజ్జిగంటివి."

స్వరాజ్యలక్ష్మి తను తెచ్చిన సీసాను పాడె వైపు ఇంకొంచెం జరిపింది.

"నాకెందుకు చెప్పలే?"

"నీకెట్ల చెప్తం అత్తా? నువ్వు గంత గట్టిగుంటివి. ఊరంత నిన్నే చూస్తుండె. చెప్తె మా ఇజ్జత్ తీస్తవనుకున్నం."

గుండెలు బాదుకోవాల్సిన మాట అది. కొండవ్వ బాదుకోలేదు. వాడలో లాక్‌డౌన్‌ను పాటించింది తనొక్కతే. ఆ సంగతి ఆమెకు నెమ్మదిగా, పూర్తిగా అర్థమైంది. ఆయన్ను చంపింది కల్లు కాదు, రోగం కాదు. ఇంకెవరి మీదైనా వేద్దామని చుట్టూ చూసింది, ఎవరూ మిగల్లేదు.

"పొయ్యి వదినె. ఆలస్యమైతె పోలీసోళ్లు వస్తరు" అన్నాడు దుబ్బయ్య.

ఆమె స్వరాజ్యలక్ష్మి సీసా తీసుకుంది. ఇన్నేళ్లు ఆ చేతులు ఆయన నోటి దగ్గర నుంచి సీసాలు లాక్కోవడమే చేశాయి. బిగుసుకున్న పళ్ల సందులోంచి పోసింది. ఆయన మింగలేదు. గడ్డం మీంచి కారి, మెడ కింద గడ్డిలోకి పోయింది.

"చాలు వదినె. చుక్క వేస్తె చాలు."

ఆమె ఆపలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా పోసింది. దాన్ని పక్కన పడేసి ఇంకోటి అందుకుంది. "తాగు. కడుపునిండ తాగు. ఎవ్వలేమంటరో చూస్త" అంటూ అదీ వంచేసింది. అప్పుడు ఏడుపు వచ్చింది, పేగులు తెంచుకుని వచ్చింది. ఏడుస్తూనే మూడో సీసా మీద చెయ్యి వేసింది.

మల్లమ్మ గబుక్కున వంగి ఆ సీసా మెడ పట్టుకుంది. ఆమె కూడా ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే సీసా వదల్లేదు.

"ఇది వద్దు అక్కా. ఇంట్ల ఇదొక్కటే ఉన్నది. మాపటికి మా ఆయనకు ఉండాలె గదా."

కొండవ్వ చెయ్యి తీసేసింది. మల్లమ్మ సీసాను కొంగు కింద దాచుకుని, తల వంచుకుని, ఇంట్లోకి వెళ్లిపోయింది.